మూడు వేళ్ళ తుప్పు

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా మా ఇంట్లోంచి ఒకరిని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రావాలి. లైసెన్సు తుపాకీ ఉన్న ప్రతి ఇంటికీ స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. మావారు ఆ ఫోన్ రాకముందే తయారుగా ఉండేవారు. బీరువాలోంచి పొడుగాటి చెక్కపెట్టె తీసి, పాత పంచె గుడ్డతో తుపాకీని తుడిచి, కుట్టుమిషను నూనె పలచగా రాసి, దుప్పటిలో చుట్టి, స్కూటరు వెనక కూర్చున్న నా ఒళ్ళో పెట్టేవారు. మండపేట బజార్లో తెలిసినవాళ్ళు ఆపి, "ఏంటండీ మాస్టారమ్మా, పాపని అత్తారింటికి పంపుతున్నారా" అని నవ్వేవారు. ఫలితాలు వచ్చాక మళ్ళీ వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం.

పోయిన ఎలక్షన్లకి అప్పగించాం. ఫలితాలు రాకుండానే ఆయన పోయారు.

లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్ళు పోతే తుపాకీ స్టేషన్‌లోనే ఉండిపోతుంది. వారసులు ఎవరూ తీసుకోకపోతే కొన్నాళ్ళకి జిల్లా కేంద్రానికి పంపి, మిగతా తుక్కుతో పాటు కోసి కరిగించేస్తారు. ఆయన ఆఖరి రెండేళ్ళూ భయపడింది తన ఆరోగ్యం గురించి కాదు. ఆ రంపం గురించి.

ఆయన పేరు గున్నేశ్వరరావు. మండపేటలో ట్రాక్టర్ల స్పేర్ పార్టుల షాపు ఉండేది. ఊళ్ళో చాలామంది వెనకాల గన్నేశ్వరరావు అనేవారు. ఆయనకీ తెలుసు, విని నవ్వుకునేవారు. షాపు కౌంటరు మీద బేరింగులు, గాస్కెట్ల మధ్య పాత సైనిక తుపాకుల బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకాలు ఉండేవి. రైతు పిస్టన్ రింగుల కోసం వస్తే, రింగులు ఇచ్చి, డబ్బు తీసుకునేలోపు, ఫలానా రైఫిల్లో బోల్టు మూసేటప్పుడే స్ప్రింగు ఎందుకు బిగుసుకుంటుందో చెప్పడం మొదలుపెట్టేవారు. కొందరు కూర్చుని వినేవారు. కొందరు, "అదంతా సరేనండి, మా బండి ఎందుకు పొగ వదుల్తోందో చెప్పండి ముందు" అనేవారు.

ఆయన ఒక్కసారి కూడా తుపాకీ పేల్చలేదు. తూటాలు కొనడం కూడా నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళైన కొత్తలో ఎందుకని అడిగితే, "పేలిస్తే ఏముంటుంది మీనా, చప్పుడు. పేలకుండా ఉన్నప్పుడే అది ఒక ఆలోచన" అన్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. బడిలో తెలుగు పాఠాలు చెప్పే నాకు, ఇనుములో ఆలోచన ఉంటుందని ఎవరూ చెప్పలేదు మరి.

ఆ తుపాకీ వాళ్ళ తాతగారు వీర్రాజుగారిది. పంటకి వాలే పిట్టల్ని బెదిరించడానికి, కళ్ళం కాపలాకి ఆయన మద్రాసు వెళ్ళి కొని తెచ్చారు. కానీ అది పిట్టల కోసం పుట్టింది కాదు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో సైనికుడి కోసం తయారైన మార్టినీ తుపాకీ. కుడి పక్క ఇనుము మీద కిరీటం గుర్తు, దాని కింద వి.ఆర్. అని రెండు అక్షరాలు, దాని కింద 1879 అని చెక్కి ఉండేది. సైన్యానికి పాతబడ్డాక గొట్టం లోపల తూటాకి గురినిచ్చే మెలిక గాడుల్ని చెరిపేసి, నున్నగా చేసి, జనానికి అమ్మేశారు.

నేను ఆ ఇంటికి వచ్చిన మొదటి దసరా బాగా గుర్తు. మా అత్తగారు సంపూర్ణమ్మగారు నవమి నాడు పూజగదిలో పెద్ద పీట వేసి, కొడవళ్ళు, షాపులోంచి తెచ్చిన స్పానర్లు, కత్తిపీట, నా తెలుగు వాచకాలు, అన్నిటికీ మధ్యలో ఆ తుపాకీని పెట్టారు. సాన మీద గంధం తీసి, శివుడికి పెట్టినట్టే మూడు వేళ్ళూ ముంచి సరిగ్గా ఆ అక్షరాల కింద అడ్డంగా రాయబోయారు. మావారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"అమ్మా, కర్రకి పెట్టవే. ఇనుముకి తడి గంధం పెడితే తుప్పు పడుతుందని ఏటా మొత్తుకుంటున్నాను."

"కర్రకి పెట్టడమేంట్రా గున్నా? ఆయుధమంటే ఇనుమే. పైగా మావగారి పేరు ఇక్కడుంది."

"అది తాతయ్య పేరు కాదమ్మా. రాణీగారి పేరు."

"మనింట్లో రాణీగారెవర్రా?"

"విక్టోరియా రాణి."

"ఆవిడకీ పెట్టినట్టవుతుందిలే. ఎక్కడుందో పాపం."

ఆవిడకి మావగారి పేరు నోటితో అనే అలవాటు లేదు. వీర్రాజుగారి పేరులో వీర, రాజు రెండూ ఇంగ్లీషులో ఆ అక్షరాలతోనే మొదలవుతాయని ఎవరో చెప్పినప్పటి నుంచి, ఆ రెండక్షరాలూ ఆవిడకి మావగారే. ఎన్ని పుస్తకాలు చూపించినా ఆ నమ్మకం మారలేదు.

"పోనీ నూనె రాసి, దాని మీద పెట్టు" అన్నారు ఈయన.

"నూనె మీద గంధం నిలుస్తుందా? చదువుకున్నావు కదా నువ్వు" అని, మూడు వేళ్ళతో గీసేశారు. "మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. చెప్తున్నాను."

పూజలో పెట్టిన పనిముట్టుని దశమి నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. షాపు కూడా అందుకే మూసేవారు. ఆ రోజంతా ఈయన పూజగది ముందు నుంచి పదే పదే నడిచేవారు, ఆస్పత్రి వరండాలో మనిషిలాగ. మాది కాలవ ఊరు. ఆ నెలలో గాలిలోనే నీళ్ళుంటాయి. గోడకి కొట్టిన మేకు కూడా చూస్తూండగానే ఎర్రబడుతుంది. దశమి పొద్దున్న హారతి అవగానే తుపాకీని పట్టుకెళ్ళి వరండాలో కూర్చుని తుడిచేవారు. ఎండిన గంధం రాలేది. దాని కింద మూడు గీతలు కాషాయం రంగులో కనిపించేవి. రుద్దితే పోయేవి. కానీ ఏటా అదే చోట, అవే మూడు వేళ్ళు. పదేళ్ళు గడిచేసరికి పూర్తిగా పోవడం మానేశాయి.

అంతకు ముందు ఇంకో గొడవ ఉండేదట. వీర్రాజుగారి కాలం నుంచీ ఆ ఇంట్లో దేనికైనా కొబ్బరినూనే. ఈయన కాకినాడలో డిప్లొమా చదువుతున్న రోజుల్లో అత్తగారు తుపాకీ లోపలికి కూడా ఒక గరిటెడు పోశారట. సంక్రాంతి చలికి అది పేరుకుని, లోపల స్ప్రింగు కదలడం మానేసింది. "ప్రపంచంలో ఏ సైన్యానికీ రాని జబ్బు మా తుపాకీకి వచ్చింది" అని ఈయన నవ్వుతూ చెప్పేవారు. అత్తగారు మాత్రం, "దానికి చలేసిందిరా, ఎండలో పెడితే సర్దుకుంది కదా" అనేవారు.

నాకు ఆ తుపాకీ గురించి తెలిసిందంతా ఆదివారం మధ్యాహ్నాలు ఆయన వరండాలో కూర్చుని చెప్పిందే. కింద ఒక లీవరు ఉంటుంది. దాన్ని కిందికి లాగితే లోపల ఇనప దిమ్మ ముందు భాగం వాలి, గొట్టం నోరు తెరుచుకుంటుంది. కాలిన తూటా బయట పడుతుంది. అదే కదలికతో లోపల స్ప్రింగు కూడా బిగుసుకుంటుంది. కొత్త తూటా పెట్టి లీవరు పైకి తోస్తే అయిపోయింది. "ఒక్క కదలికలో మూడు పనులు. మన షాపులో ఇన్ని పార్టులున్నాయి కదా, ఇంత తక్కువ మాట్లాడి ఇంత పని చేసేది ఒక్కటి చూపించు" అనేవారు.

అంతకు ముందు తుపాకుల్లో మందు గొట్టం మూతి నుంచి దట్టించాలి. దానికి సైనికుడు నిలబడాలి. తుపాకీని నిలబెట్టి, కడ్డీతో కూరుతూ, శత్రువుకి ఎదురుగా నిలువెత్తున కనిపించాలి. వెనక నుంచి తూటా పెట్టే పద్ధతి వచ్చాక సైనికుడు నేల మీద పడుకుని యుద్ధం చేయగలిగాడు. "ఆ ఒక్క మార్పుతో మనిషికి నేలతల్లి దొరికింది మీనా. దాక్కోవడం పిరికితనం కాకుండా పోయింది" అన్నారొకసారి. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఆ మాటకి చెయ్యి ఆగిపోయింది.

తుపాకీ కుడి పక్కన కన్నీటి బొట్టు ఆకారంలో చిన్న ఇనప ముక్క ఉండేది. ఆయనకి అన్నిటికన్నా అదే ఇష్టం. పాత తుపాకుల్లో మందుని పేల్చే సుత్తి బయటికి కనిపిస్తుంది, లేచి ఉందో వాలి ఉందో చూస్తే తెలుస్తుంది. ఇందులో అంతా లోపలే. అందుకని ఈ బొట్టు. లోపల బిగుసుకుని ఉంటే ఒక వైపు తిరుగుతుంది, వదులుగా ఉంటే ఇంకో వైపు వాలుతుంది. చీకట్లో ఉన్న సైనికుడు చూడక్కర్లేదు, వేలితో తడిమితే చాలు. నా చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకోమని, వేలు దాని మీద పెట్టించేవారు. "ఇప్పుడు చెప్పు. కోపంగా ఉందా, నిద్రపోతోందా?"

ఇదంతా ముచ్చటగానే ఉండేది కానీ, ఆయనకి తెలియనిదేం కాదు, అది మనుషుల్ని చంపడానికి చేసిన వస్తువని. పట్టు వెనకాల, బొటనవేలు ఆనించుకోవడానికి గరుకుగా చెక్కిన చోటు ఒకటుంది. వీర్రాజుగారి వేలికి సగం అరిగిపోయింది. దాన్ని రుద్దుతూ ఒకనాడు అన్నారు, "చూడు, ఎక్కడో ఇంగ్లండులో కూర్చున్నవాడు ముక్కూ మొహం తెలియని సైనికుడి బొటనవేలి గురించి ఇంత ఆలోచించాడు. అవతల పడిపోయేవాడి గురించి ఒక్క క్షణం ఆలోచించాడంటావా?"

"మీరు ఆలోచిస్తున్నారు కదా" అన్నాను.

"నేను ఆలోచిస్తే వాడు లేచి వస్తాడా?" అని, లీవరు మూసేసి, తుపాకీని పెట్టెలో పెట్టేశారు.

ఇంకో సంగతి ఆయన్ని బాధించేది. సిపాయిల తిరుగుబాటు తర్వాత తెల్లవాళ్ళు మనవాళ్ళ చేతికి సరైన తుపాకీ ఇవ్వడానికి భయపడ్డారు. వాళ్ళకి కొత్తది వస్తే మనవాళ్ళకి పాతది. వాళ్ళ చేతిలో మార్టినీ ఉన్నన్నాళ్ళూ మన సిపాయికి దాని ముందుది. వాళ్ళు ఇంకా మంచిదానికి వెళ్ళాకే మనకి మార్టినీ. ఎప్పుడూ ఒక మెట్టు కిందే నిలబెట్టారు. మా ఇంట్లోదానికి ఆ గాడులు కూడా లేవు. "వాళ్ళ కోసం ప్రాణాలిచ్చేవాడికే ఇలా ఇస్తే, పిట్టలు తోలుకునే వీర్రాజుగారికి ఎలా ఇస్తారు? కోరలు పీకి ఇచ్చారు" అనేవారు.

మా అత్తగారు కార్తీకమాసంలో పోయారు. అన్నవరం కొండ మీద వ్రతం చేసుకుని వచ్చిన వారంలోనే, పెద్దగా మంచాన పడకుండా. మరుసటి దసరాకి పీట నేను వేశాను. కొడవళ్ళు లేవు, పొలం కౌలుకిచ్చేశాం. స్పానర్లు పెట్టాను. తుపాకీని ఆయన తెచ్చి పెట్టారు. గంధం గిన్నె ఆయన చేతికిచ్చి, "కర్రకే పెట్టండి, ఇప్పుడు వద్దనేవాళ్ళెవరూ లేరు" అన్నాను.

ఆయన గిన్నె అందుకుని, వేళ్ళు ముంచబోయి ఆగారు. తర్వాత పక్కన పెట్టేశారు. కిటికీ వైపు తుపాకీని తిప్పి, "ఇలా రా. చూడు. మధ్యది పొడుగు" అన్నారు.

వెలుగులో చూస్తే నిజంగానే మూడు వేళ్ళు. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలు. ఉంగరం వేలి గీత చివర కాస్త వంకర. అత్తగారికి ఆ వేలు రుబ్బురోలు కింద నలిగి, సరిగ్గా చాపలేకపోయేవారు. ఆ వంకర కూడా ఇనుములో దిగి ఉంది.

ఆ రోజు నుంచి ఆయన వాటిని రుద్దడం మానేశారు. తుపాకీ అంతా తుడిచి, ఆ మూడు గీతల దగ్గరికి వచ్చేసరికి వేలి కొసతో పలచగా నూనె రాసి వదిలేసేవారు. "తియ్యను, పెరగనివ్వను" అనేవారు.

డెబ్బై దగ్గర పడుతూండగా పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి పడిపోయింది. మాట కొంచెం తడబడి, మళ్ళీ సర్దుకుంది. చెయ్యి సర్దుకోలేదు. షాపు ఇచ్చేశాం. అప్పుడు పట్టుకుంది ఆ భయం. మా అమ్మాయి శ్రీదుర్గ కాకినాడలో ఉంటుంది. వచ్చినప్పుడు, లైసెన్సు తన పేర మార్పించుకుంటుందేమోనని అడిగారు.

"ఇంట్లో ఇద్దరు పిల్లలు, నాన్నా. బీరువాలో తుపాకీ ఉందని తెలిస్తే నాకు నిద్ర పట్టదు. కోప్పడకు" అంది.

"కోపమెందుకమ్మా. సరైన మాట చెప్పావు" అన్నారు. అమ్మాయి వెళ్ళాక నాతో, "దాన్ని ఎవరూ పేల్చక్కర్లేదు మీనా. వాడక్కర్లేదు. ముక్కలు చెయ్యకుండా ఉంటే చాలు. నూటనలభై ఏళ్ళు బతికింది. నా పేరు మీద చావకూడదు" అన్నారు.

రాజమండ్రిలో పాత జమీందారీ కుటుంబం ఒకటి ట్రస్టు పెట్టి చిన్న మ్యూజియం నడుపుతోందని తెలిసింది. దాన్ని చూసుకునే నిరంజన్‌గారు ఒక ఉదయం మా ఇంటికి వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు తుపాకీని అందుకున్నారు. మావారి మొహం అక్కడే వెలిగింది. నిరంజన్‌గారు లీవరు దించి, మళ్ళీ ఎత్తారు.

"ఈ చప్పుడు చూశారాండీ? మంచి టేకు తలుపుకి గడియ పడినట్టుంది" అన్నారు.

"ఎడారిలో మాత్రం ఇలా పలికేది కాదండి. ఇసుక చేరి తూటా ఇరుక్కుపోయేది" అన్నారు ఈయన.

"గొట్టం కాలిపోతోందని పచ్చి తోలు చుట్టి కుట్టుకునేవారట కదండి సైనికులు."

"మా తాతయ్య గోనెగుడ్డ చుట్టేవారండి. సైనికుడికీ రైతుకీ పెద్ద తేడా లేదు."

ఇద్దరూ పెసరట్లు చల్లారిపోయేదాకా అలా మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను వాటిని మళ్ళీ వేడి చెయ్యాల్సి వచ్చింది. చివరికి నిరంజన్‌గారు తుపాకీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కుడి పక్క చూసి, కొంచెం మొహం మార్చారు.

"కలెక్టరు గారి అనుమతి మేం చూసుకుంటామండి. మీ తదనంతరం మాకే ఇచ్చేలా కాగితం రాసుకోవచ్చు. కానీ ఈ తుప్పు తియ్యాలండి. బతికున్న తుప్పు ఇది, లోపలికి తింటూనే ఉంటుంది. ఇలా ఉన్నది ట్రస్టువాళ్ళు తీసుకోరు. మీరు సరేనంటే మా దగ్గర పనివాడితో శుభ్రం చేయిస్తాను."

ఈయన ఎడమచేత్తో తుపాకీని తన ఒళ్ళోకి తీసుకున్నారు. "ఆలోచించుకుని చెప్తానండి."

నిరంజన్‌గారు వెళ్ళాక అన్నాను, "ఆ గీతలు ఎవరివో చెప్పొచ్చు కదండీ."

"చెప్తే పాపం ఆయన ఇబ్బందిపడతాడు. మంచివాడు. మ్యూజియం అన్నాక తుప్పుని తుప్పనే అనాలి మరి."

నెలలు గడిచాయి. నిరంజన్‌గారు ఒకటి రెండుసార్లు ఫోన్ చేశారు. ఈయన ఏదో చెప్పి దాటేసేవారు. గీతలు ఉంచుకుంటే తుపాకీ దక్కదు. తుపాకీ దక్కాలంటే తల్లి వేళ్ళు చెరపాలి. ఆ లెక్క ఎంతకీ తెగక, అన్నం ముందు కూర్చుని కూడా ఎటో చూస్తుండేవారు. నేనేమీ తొందరపెట్టలేదు.

ఎలక్షన్ల ఫోన్ వచ్చింది. మర్నాడు పొద్దున్న కాఫీ అయ్యాక, "వరండాలో పేపరు పరుచు. కిరోసిన్ ఉందా? గిన్నెలు తోమే స్టీలు పీచు ఉంటే సన్నది చూసి తీసుకురా" అన్నారు.

నాకు అర్థమైంది. తెచ్చి ముందు పెట్టాను. తుపాకీని మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఎడమచేత్తో రుద్దడం మొదలుపెట్టారు. రెండు మూడుసార్లు జారింది. చివరికి పీచు నా చేతిలో పెట్టారు.

"నువ్వే చెయ్యి. గట్టిగా వద్దు. ఒకే వైపు. చుట్టూ ఉన్నదానికి తగలకూడదు."

నేను రుద్దుతున్నాను. ఆయన నా చెయ్యి వంకే చూస్తున్నారు. కిరోసిన్‌తో కలిసి ఎర్రటి నీరు గుడ్డలోకి దిగుతోంది. ముందు చూపుడువేలు, తర్వాత మధ్యవేలు. వంకర వేలి దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం పక్కకి తిప్పుకుని, వీధిలో పోతున్న ధాన్యం లారీ వైపు చూస్తూ కూర్చున్నారు. అయిపోయిందని చెప్పాను. శుభ్రమైన గుడ్డతో తుడిచి ఒళ్ళో పెట్టాను.

ఎరుపు పూర్తిగా పోయింది. కానీ గీతలు పోలేదు. ఇన్నేళ్ళుగా తుప్పు తిన్న చోట ఇనుము లోతుగా గుంతపడి, బూడిదరంగులో మూడు వేళ్ళు అలాగే ఉన్నాయి, మధ్యది పొడుగ్గా, చివరిది వంకరగా. ఆయన ఎడమచేతి వేలితో ఒక్కొక్కటీ తడిమారు.

"పోలేదే" అన్నారు. చివరిదాని వంకర మీద వేలు ఆపి, "మొండిది మీనా మా అమ్మ. చెప్తే వినదు" అన్నారు.

కళ్ళు తుడుచుకోవడానికి నేను కొంగు అందిస్తే, అందులో కిరోసిన్ వాసనొస్తోందని వద్దన్నారు. నిరంజన్‌గారికి అప్పుడే ఫోన్ చేయించి, ఎలక్షన్లు అవగానే వచ్చి తీసుకెళ్ళమన్నారు.

స్టేషన్‌కి ఆటోలో వెళ్ళాం. స్టేషన్ రైటరు వెంకటరమణ మాకు ఎన్నో ఎలక్షన్ల నుంచి తెలుసు.

"ఆయ్, రండి రండి. అమ్మాయి వచ్చేసిందాండీ?" అంటూ కుర్చీ వేశాడు.

"తడి గోడకి ఆనించకు వెంకటరమణా. మీ త్రీనాట్‌త్రీల పక్కన పెట్టు, పర్లేదు. కానీ ఇది వాటికి తాతమ్మ."

"అయితే రోజూ వాటిచేత దణ్ణం పెట్టిస్తాలెండి."

"దసరా దాకా ఉండదనుకో. ఒకవేళ ఉంటే, మీరు ఆయుధపూజ చేస్తారు కదా, బొట్టు కర్రకి పెట్టించు. ఇనుముకి వద్దు."

"అలాగేనండి. ఇంకా ఏమైనా పథ్యం ఉందాండీ?" అని నవ్వాడు. ఈయనా నవ్వారు.

ఖాళీగా ఉందని చూపించడానికి లీవరు దించి ఎత్తాలి. ఎడమచేత్తో ఆయనే చేశారు, సాయం పట్టనివ్వలేదు. తర్వాత ట్రిగ్గరు మెల్లగా నొక్కి, ఆ బొట్టు మీద వేలు పెట్టి చూసుకున్నారు. "నిద్రపోతోంది" అన్నారు నాతో. దాన్ని ఆయన ముట్టుకోవడం అదే ఆఖరు. ఓట్లు పడ్డాయి, లెక్కించలేదు. ఆ మధ్యలో ఒక సాయంత్రం కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. కాకినాడ తీసుకెళ్ళాం. అప్పటికే అంతా అయిపోయింది.

దినవారాలు అయ్యాక నిరంజన్‌గారు నేను చేసిన ఫోన్‌కి వెంటనే వచ్చారు. ఆయన కాగితాలు పట్టుకుని రెవెన్యూ వాళ్ళ చుట్టూ తిరుగుతుంటే, నేను స్టేషన్‌కి వెళ్ళి కూర్చునేదాన్ని. ఆ వర్షాకాలంలో ఎవరూ తీసుకెళ్ళని తుపాకులు జిల్లా కేంద్రానికి పంపమని ఉత్తర్వు వచ్చింది. వెంకటరమణ, అనుమతి కోసం అర్జీ పెట్టుకున్నారు కాబట్టి దీన్ని ఆపుతున్నట్టు ఇనస్పెక్టరుగారితో సంతకం పెట్టించి ఉంచాడు. మిగతావి వ్యానెక్కడం నేను చూశాను. వాటిలో ఎవరెవరి తాతలవో జోడుగొట్టాల తుపాకులున్నాయి. కట్టెల్లా కట్టి తీసుకెళ్ళారు.

దసరా కూడా దాటింది. వెళ్ళినప్పుడు వెంకటరమణ గొంతు తగ్గించి చెప్పాడు. "పూజలో మా వాటన్నిటికీ బొట్లు పెట్టారండి. సార్ చెప్పారు కదా, దీనికి మాత్రం నేనే పెట్టానండి. కర్రకే."

అనుమతి వచ్చింది. ఒక షరతుతో. మ్యూజియంలో పెట్టాలంటే అది ఇంకెప్పుడూ పేలకుండా చెయ్యాలి. లైసెన్సున్న పనివాడు లోపలి సూది, స్ప్రింగు తీసేసి, దిమ్మని కదలకుండా అతికించాడు. నిరంజన్‌గారు ఆ సంగతి ఫోన్‌లో చెప్పడానికి చాలా ఇబ్బందిపడ్డారు. "చూడ్డానికి ఏం తేడా ఉండదండి" అన్నారు.

రాజమండ్రిలో గోదావరి వంతెన ఎక్కకముందే కుడి పక్క వీధిలో ఉంది ఆ మ్యూజియం. చూడ్డానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. పాత పల్లకీలు, కత్తులు, తాళపత్రాల మధ్య గాజుపెట్టెలో పడుకోబెట్టారు. అట్ట మీద, మార్టినీ తుపాకీ, 1879, మండపేట గున్నేశ్వరరావుగారి కుటుంబం ఇచ్చినది, అని రాసి ఉంది. కింద చిన్న అక్షరాల్లో, ఉపరితలంపై తుప్పు గుంతలు కలవు.

నిరంజన్‌గారు గాజుమూత ఎత్తి పట్టుకున్నారు. లీవరు మూసి ఉంది, ఇక దిగదు. బొట్టు ఒక పక్కకి వాలి ఉంది. దాన్ని తడిమినా అదిప్పుడు ఏమీ చెప్పదు. ముక్కలు కాలేదు. ఆయన అడిగింది అంతే. కానీ ఆదివారం మధ్యాహ్నాలు మా వరండాలో వినిపించిన ఆ గడియ చప్పుడు ఇంకెవరూ వినరు.

నా చెయ్యి దానంతటదే ఆ మూడు గీతల వైపు వెళ్ళింది.

"ముట్టుకోకండమ్మా" అన్నారు నిరంజన్‌గారు, అలవాటుగా. "చేతి చెమటకి తుప్పు పడుతుంది." వెంటనే నాలుక కరుచుకుని, "అయ్యో, మీరు పర్లేదండి, మీరు ముట్టుకోండి" అన్నారు.

"వద్దులెండి. మీరన్నదే సరి. ఆయనా ఇదే మాట అనేవారు" అన్నాను.

గీతల పైన, తగలకుండా, మూడు వేళ్ళూ కాసేపు ఉంచాను. మధ్యది సరిపోయింది. ఉంగరం వేలు మాత్రం ఎంత వంచినా ఆ వంకరకి రాలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాక నిరంజన్‌గారు మెల్లగా మూత దించారు.